సలహా ఎందుకు పనిచెయ్యదు: ఎక్స్‌రే వ్యాను నుంచి ఆశా వర్కర్ ట్యాబ్ దాకా

"రోజూ అరగంట నడవండి, అన్నం తగ్గించండి, టెన్షన్ పెట్టుకోకండి." షుగరో బీపీయో బయటపడిన ప్రతి మనిషీ ఓపీలో విని వచ్చే మాటలివి. విన్నవాళ్లు తలూపుతారు, నాలుగు రోజులు నడుస్తారు, తర్వాత మానేస్తారు. డాక్టరు దానికి నిర్లక్ష్యమని పేరు పెడతాడు, ఇంట్లోవాళ్లు బద్ధకమంటారు. మంచిదని తెలిసి కూడా మనిషి ఎందుకు చెయ్యడు? ఈ మాటను తిట్టులా వాడకుండా నిజమైన ప్రశ్నగా తీసుకుని జవాబు వెతికినవాళ్లు డెబ్బయ్యేళ్ల కిందటే ఉన్నారు. ఈరోజు ఫోన్లకు వచ్చే ఆరోగ్య సందేశాలకూ, పశ్చిమ గోదావరి పల్లెల్లో ఆశా వర్కర్లు ట్యాబ్ పట్టుకుని అడిగిన ప్రశ్నలకూ మూలం అక్కడుంది.

1950ల మొదట్లో అమెరికా ప్రజారోగ్య శాఖకు ఒక చిక్కు వచ్చిపడింది. క్షయను ముందే కనిపెట్టడానికి ఛాతీ ఎక్స్‌రే తీసే వ్యాన్లను వీధుల్లోకే పంపారు. డబ్బు కట్టక్కర్లేదు, దూరం పోనక్కర్లేదు. అయినా చాలామంది రాలేదు. గాడ్‌ఫ్రే హాక్‌బామ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1952లో బోస్టన్, క్లీవ్‌లాండ్, డెట్రాయిట్ నగరాల్లో 1200 మందికి పైగా పెద్దవాళ్లను కలిసి మాట్లాడించాడు. క్షయ మీకూ రావచ్చని అనుకుంటున్నారా? ముందే తెలిస్తే మేలు జరుగుతుందని నమ్ముతున్నారా? రెండింటికీ అవునన్నవాళ్లలో 82 శాతం మంది అప్పటికే తమంతట తాము ఎక్స్‌రే తీయించుకుని ఉన్నారు. రెండూ నమ్మనివాళ్లలో తీయించుకున్నది 21 శాతమే. వ్యాను ఇద్దరి వీధికీ ఒకేలా వచ్చింది. తేడా అంతా మనిషి తన గురించి తాను ఏమనుకుంటున్నాడన్న దగ్గరే ఉంది. హాక్‌బామ్, ఇర్విన్ రోజెన్‌స్టాక్, వాళ్ల సహచరులు కలిసి దీని మీద కట్టిన సిద్ధాంతమే ఆరోగ్య విశ్వాస నమూనా. నర్సింగ్, ప్రజారోగ్య కోర్సుల్లో ఇప్పటికీ మొదట చెప్పే పాఠాల్లో ఇదొకటి.

నమ్మకమే అసలు సంగతైతే, భయపెట్టి నమ్మిస్తే సరిపోదా? ఆ దారీ తొక్కి చూశారు. 1953లో ఇర్వింగ్ జానిస్, సేమూర్ ఫెష్‌బాక్ హైస్కూలు పిల్లలకు పళ్ల శుభ్రత గురించి మూడు రకాల పాఠాలు చెప్పించారు. ఒకటి మామూలుగా, ఒకటి కాస్త భయపెట్టేలా, మూడోది పుచ్చిపోయిన పళ్ల బొమ్మలతో బాగా బెదరగొట్టేలా. అందరికంటే తక్కువ మారింది బాగా బెదిరినవాళ్లే.

1965లో యేల్ విశ్వవిద్యాలయంలో హోవార్డ్ లెవెంథాల్ బృందం చేసిన ప్రయోగం ఇంకా విలువైనది. ఈ రంగం గురించి ఒక్క సంగతే చెప్పమంటే నేను దీన్నే చెబుతాను. చివరి సంవత్సరం విద్యార్థులకు ధనుర్వాతం గురించిన పుస్తకాలిచ్చి, టీకా వేయించుకోమన్నారు. కొందరిది ఒళ్లు జలదరించే పుస్తకం, కొందరిది మామూలుది. భయపడ్డవాళ్లు టీకా వేయించుకోవాలనే గట్టిగా అనుకున్నారు. కానీ అనుకున్నవాళ్లంతా వెళ్లలేదు. వెళ్లినవాళ్లు ఎక్కువగా కనిపించింది వేరే గుంపులో. వాళ్ల చేతికి విశ్వవిద్యాలయం మ్యాపు ఇచ్చారు. దాని మీద ఆరోగ్య కేంద్రానికి గుండ్రంగా గీత గీసి, మీ వారం టైంటేబుల్ చూసుకుని ఏ రోజు ఏ వేళ అటు వెళ్లగలరో ఆలోచించుకోమన్నారు. ఆ మ్యాపు అందినవాళ్లలో సుమారు 28 శాతం మంది టీకా వేయించుకున్నారు. అందనివాళ్లలో 3 శాతం. వాళ్లు చివరి సంవత్సరం విద్యార్థులు, ఆరోగ్య కేంద్రం ఎక్కడుందో వాళ్లకు తెలియక కాదు. వెళ్లే పనికి వాళ్ల రోజులో ఒక చోటు దొరికింది, అంతే. మన దగ్గర ఇప్పటికీ ఆరోగ్య ప్రచారమంటే పుర్రె బొమ్మ, ఎర్ర అక్షరాలు, మైకులో హెచ్చరిక. మ్యాపు ఇచ్చేవాళ్లు మాత్రం తక్కువ.

1977లో మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బండూరా ఇంకో ముక్క కలిపాడు. ఈ పని నావల్ల అవుతుందన్న నమ్మకం లేనివాడు దాని జోలికే పోడు. పోయినా మొదటి దెబ్బకే వదిలేస్తాడు. 1983లో జేమ్స్ ప్రోచాస్కా, కార్లో డిక్లెమెంటే తమంతట తాము సిగరెట్ మానాలని చూస్తున్న 872 మందిని గమనించి, మార్పు మెట్లు మెట్లుగా వస్తుందన్నారు. మానాలన్న ఆలోచనే రానివాడు ఒక మెట్టు మీద, ఆలోచిస్తున్నవాడు ఇంకో మెట్టు మీద, మానేసి ఆరునెలలుగా నిలబడ్డవాడు వేరొక మెట్టు మీద ఉంటారు. అందరికీ ఒకే మాట చెబితే ఎవరికి తగులుతుంది?

మనిషిని బట్టి సలహా అన్న ఆలోచన పరిశోధనగా నిలదొక్కుకున్నది ఇక్కడే. 1990ల మొదట్లో అమెరికాలో విక్టర్ స్ట్రెచర్ లాంటివాళ్లు కంప్యూటర్‌తో ఉత్తరాలు తయారుచేయించారు. ముందు ఒక ప్రశ్నపత్రం పంపుతారు. రోజుకు ఎన్ని సిగరెట్లు, ఎందుకు మానాలనుకుంటున్నారు, ఇంతకు ముందు ప్రయత్నించి ఎక్కడ ఆగిపోయారు అని అడుగుతారు. ముందే రాసిపెట్టుకున్న పేరాల్లోంచి ఆ జవాబులకు సరిపోయేవి ఏరి, ఆ మనిషి పేరున ఒక ఉత్తరం అచ్చువేస్తారు. బరువు పెరుగుతానని భయపడే మనిషికి బరువు సంగతి, ఇంట్లో పిల్లలున్న మనిషికి పొగ సంగతి. సిగరెట్ తర్వాత తిండి అలవాట్ల మీదా, రొమ్ము క్యాన్సర్ పరీక్షల మీదా ఇలాంటి ఉత్తరాలు పరీక్షించారు. 2007లో సేత్ నోవర్, సహచరులు ఇలాంటి 57 అధ్యయనాలను కలిపి లెక్కకట్టారు. మామూలు కరపత్రం కంటే మనిషిని బట్టి రాసింది మెరుగ్గా పనిచేసిందని తేలింది. అయితే ఆ మెరుగు చిన్నది.

ఈ చిన్నది అన్న మాటను దాటేసి పోకూడదు. మెట్ల సిద్ధాంతానికీ గట్టి ఎదురుదెబ్బలే తగిలాయి. మెట్టును బట్టి సిగరెట్ మాన్పించే పద్ధతులు మిగతావాటికంటే మెరుగన్న ఆధారాలు అంతంతమాత్రమేనని 2003లో బ్రిటన్‌లో ఒక సమీక్ష తేల్చింది. 2005లో రాబర్ట్ వెస్ట్ అయితే ఈ సిద్ధాంతాన్ని ఇక పక్కన పెట్టాల్సిన సమయం వచ్చిందని సంపాదకీయమే రాశాడు. మనుషులు అంత వరసగా మెట్లెక్కరనీ, ఒక్కోసారి ఏ ఆలోచనా లేకుండా ఓ ఉదయం లేచి మానేస్తారనీ ఆయన వాదన. నాకు అది సబబుగానే అనిపిస్తుంది. మెట్ల లెక్క తప్పినా, సలహా ఇచ్చే ముందు ఎదుటి మనిషిని అడగాలన్న అలవాటు మాత్రం ఈ రంగంలో మిగిలింది. నేను విలువిచ్చేది దానికి.

మన దేశంలో దీనికి మంచి పరీక్ష మధుమేహం దగ్గర జరిగింది. చెన్నైకి చెందిన డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం 2006లో వెలువరించిన అధ్యయనంలో, షుగర్ అంచున ఉన్న 531 మందిని మూడేళ్లు చూశారు. మామూలు సలహాతో వదిలేసినవాళ్లలో 55 శాతం మందికి షుగర్ వచ్చింది. తిండి, నడక విషయంలో వెంటపడి చెప్పినవాళ్లలో 39 శాతానికి తగ్గింది. కానీ అంతమంది వెంటపడటానికి మనుషులేరి? అదే బృందం 2013లో దానికి ఫోన్‌తో జవాబు వెతికింది. ఆగ్నేయ భారతంలోని ఫ్యాక్టరీలు, సంస్థల్లో పనిచేసే 35 నుంచి 55 ఏళ్ల మగవాళ్లలో 8741 మందిని పరీక్షించి, షుగర్ అంచున ఉన్న 537 మందిని ఎంచుకున్నారు. సగం మందికి రెండేళ్లపాటు ఎస్‌ఎంఎస్‌లు పంపారు. సందేశాలకు ఆధారం మెట్ల సిద్ధాంతమే. ఎస్‌ఎంఎస్‌లు అందినవాళ్లలో 18 శాతం మందికి, అందనివాళ్లలో 27 శాతం మందికి షుగర్ వచ్చింది. పదకొండు మందికి సందేశాలు పంపితే ఒకరికి జబ్బు తప్పినట్టు. అంత చవకలో అది పెద్ద మాటే. అందరూ మగవాళ్లే, అందరూ ఉద్యోగాలున్నవాళ్లే అన్నది కూడా గుర్తుంచుకోవాలి. ఆ ఇళ్లలో వండిపెట్టే ఆడవాళ్లకు షుగర్ వస్తుందా రాదా, వాళ్లు నడవడానికి ఎప్పుడు వీలవుతుంది అన్నది ఈ లెక్కలో లేదు.

ఇప్పుడు ఓపీలో విన్న మూడో మాట: టెన్షన్ పెట్టుకోకండి. మూడింట్లో ఇదే అన్నిటికంటే పనికిరానిది. షుగర్ ఉన్నవాళ్లలో డిప్రెషన్ ఉండే అవకాశం లేనివాళ్లకంటే దాదాపు రెట్టింపని 2001లోనే అధ్యయనాలను కలిపి చూసి తేల్చారు. డిప్రెషన్ మొదట తినేసేది పని మొదలుపెట్టే శక్తిని. నడవమన్న సలహా అందుకోవాల్సిన శక్తి కూడా అదే. మనసును పక్కనపెట్టి అలవాట్లను మార్చాలని చూసిన చాలా ప్రయత్నాలు ఇక్కడే చతికిలబడ్డాయి.

దీనికి దొరికిన దారి ఆశ్చర్యపరిచేంత సాదా. మనసు బాగుపడ్డాక పనులు చేద్దామని ఆగకుండా, చిన్న చిన్న పనులతోనే మనసును లాక్కురావడం. 1970ల్లో పీటర్ లూయిన్‌సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఈ దారి వేశాడు. పెద్ద మానసిక చికిత్సలోని ఈ ఒక్క భాగమే మొత్తం చికిత్సకు దీటుగా పనిచేస్తోందని 1996లో నీల్ జేకబ్సన్ బృందం చూపించింది. దీన్ని గోవాకు తెచ్చినవాళ్లు మానసిక వైద్యుడు విక్రమ్ పటేల్, సహచరులు. అక్కడ 10 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో, డిప్రెషన్ బాగా ముదిరిన 495 మందితో పరీక్ష జరిగింది. మాట్లాడినవాళ్లు సైకియాట్రిస్టులు కారు. శిక్షణ పొందిన స్థానిక యువతీ యువకులు, ఆరు నుంచి ఎనిమిది సార్లు కూర్చుని మాట్లాడారు. మీరు ఇదివరకు చేసి ఇప్పుడు మానేసిన పనులేంటి? వాటిలో ఈ వారం ఏ ఒక్కటి మళ్లీ చెయ్యగలరు? ఏ రోజు? యేల్‌లో చేతికిచ్చిన మ్యాపుకు ఇది చుట్టమే. మూడు నెలలకు ఈ మాటలు దొరికినవాళ్లలో 64 శాతం మంది డిప్రెషన్ నుంచి బయటపడ్డారు, దొరకనివాళ్లలో 39 శాతం.

ఊళ్లో మనిషికి ఊళ్లోనే మానసిక వైద్యం అన్నది మనకు కొత్త కాదు. 1975 ప్రాంతంలో బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్ ఆ ఊరి దగ్గరి సకలవార పల్లెల్లో మొదలుపెట్టింది. 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం వచ్చింది. తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే బళ్లారి జిల్లాలో నమూనా కట్టారు. 1996లో దేశం మొత్తం మీద మొదట ఎంచుకున్న నాలుగు జిల్లాల్లో మన మెదక్ ఒకటి. ఇంత ముందుగా మొదలైనా, 2015-16 జాతీయ సర్వేలో దేశంలో వైద్యం అవసరమై అందనివాళ్లు జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం దాకా తేలారు. ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ లేవు.

ఆ లోటును కొంతైనా తీర్చింది పశ్చిమ గోదావరిలో జరిగిన పని. జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే ఆరోగ్య పరిశోధన సంస్థవాళ్లు, పల్లబ్ మౌలిక్ నాయకత్వంలో, జిల్లాలోని గిరిజన పల్లెల్లో ఆశా వర్కర్ల చేతికి ట్యాబ్‌లు ఇచ్చారు. డిప్రెషన్‌కు తొమ్మిది ప్రశ్నలు, ఆందోళనకు ఏడు. గడిచిన రెండు వారాల్లో పని మీద ఆసక్తి తగ్గిందా, నిద్ర పట్టిందా, ఆకలి వేసిందా, మీవల్ల ఏమీ కాదనిపించిందా, చచ్చిపోతే బాగుండనిపించిందా? ఒక్కోదానికి సున్నా నుంచి మూడు మార్కులు. స్కోరు ఎక్కువైతే పీహెచ్‌సీ డాక్టరుకు పంపాలి. ఆ వివరాలు డాక్టరు ట్యాబ్‌లోకీ వెళతాయి, ఏం చెయ్యాలో అది దారి చూపుతుంది. తర్వాత వెళ్లారా, మందులు వాడుతున్నారా అని ఆశా వర్కరే మళ్లీ వచ్చి అడుగుతుంది. అంతకు ముందే ఊళ్లలో మానసిక జబ్బుల మీద ఉన్న చిన్నచూపు పోగొట్టే ప్రచారం కూడా చేశారు.

ఐదువేల మందికి పైగా పరీక్షిస్తే 238 మందికి సాయం అవసరమని తేలింది. వాళ్లలో ఇంతకు ముందు మానసిక సమస్యకు డాక్టరు దగ్గరకు వెళ్లినవాళ్లు నూటికి ఒక్కరు కూడా లేరు, 0.8 శాతం. కార్యక్రమం తర్వాత అది 12.6 శాతానికి పెరిగింది. పదిహేను రెట్లని సంబరపడొచ్చు. నా కన్ను మాత్రం మిగిలిన వాళ్ల మీదే ఉంది. ఇంటికి వచ్చి అడిగినా, వెళ్లమని చెప్పినా, 238 మందిలో 200 మందికి పైగా డాక్టరు గడప తొక్కలేదు. అడవి పల్లె నుంచి పీహెచ్‌సీకి పోవాలంటే ఆ రోజు కూలి పోతుంది, తోడు రావడానికి ఇంకొకరు పని మానుకోవాలి, ఆటో ఛార్జీ ఉంటుంది. ఇవన్నీ మనసులోని నమ్మకాల కింద లెక్కకు రావు. హాక్‌బామ్ కాలంలో వ్యాను వీధిలోకి వచ్చింది, మనిషి రాలేదు. ఇక్కడ ప్రశ్న వీధిలోకి వచ్చింది, వైద్యం మాత్రం దూరంలోనే ఉంది.

తర్వాత ఇదే పద్ధతిని పశ్చిమ గోదావరితో పాటు హర్యానాలో కూడా, 44 పీహెచ్‌సీల పరిధిలో, దాదాపు పదివేల మందితో పెద్ద ఎత్తున పరీక్షించారు. 2024లో ఫలితాలు వచ్చాయి. ప్రమాదంలో ఉన్నవాళ్లకు ఏడాది తర్వాత డిప్రెషన్ స్కోరు ఈ పద్ధతి లేని ఊళ్లవాళ్లకంటే తగ్గింది. ఈలోగా 2022 అక్టోబరు 10న కేంద్రం టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ మొదలుపెట్టింది. 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడొచ్చు, ఖర్చు లేదు.

పని ముందుకు పోతోంది. అయితే ఈ పద్ధతంతా నిలబడింది ఆశా వర్కర్ మీద. గర్భిణుల లెక్క ఆమెదే, టీకాల లెక్క ఆమెదే, బీపీ షుగర్ సర్వేలు ఆమెవే. ప్రభుత్వ లెక్కలో ఆమె ఇప్పటికీ ఉద్యోగి కాదు, గౌరవ వేతనం తీసుకునే కార్యకర్త. చచ్చిపోవాలనిపించిందా అని ఒక మనిషిని అడిగి, అవునన్న జవాబు విని, ఆ మనిషి తేరుకునేదాకా పక్కన కూర్చోవడానికి సమయం కావాలి. ఆ సమయానికి ఆమెకు విడిగా ఎంత ఇస్తారు, ఆమె మిగతా పనుల్లో ఏది తగ్గిస్తారు? ట్యాబ్‌లు కొనే ముందు రెండు తెలుగు రాష్ట్రాల ఆరోగ్య శాఖలు కాగితం మీద తేల్చాల్సింది అది.