కుక్కలు చనిపోయే కథ పిల్లలకెందుకు? కొన్ని అపోహలు, వాస్తవాలు

బడి లైబ్రరీలో ఆరు, ఏడు తరగతులకు కథలు చదివి వినిపించడం నా పని. ఏటా ఒకసారి విల్సన్ రాల్స్ నవల ‘వేర్ ద రెడ్ ఫెర్న్ గ్రోస్’ (1961) బయటికి తీస్తాను. బిల్లీ అనే పేద కుర్రాడు, అతని రెండు వేటకుక్కలు ఓల్డ్ డాన్, లిటిల్ ఆన్‌ల కథ ఇది. ఇంగ్లిష్‌లో ఒక పేజీ చదవడం, మిగతాది తెలుగులో చెప్పుకుంటూ పోవడం. తీసిన ప్రతిసారీ పెద్దవాళ్ల నుంచి ఇవే మాటలు.

అపోహ: కుక్కపిల్లల కథే కదా, చిన్నతరగతులకూ ఇచ్చేయొచ్చు.

వాస్తవం: వద్దు. కుక్కల సంగతి అలా ఉంచండి, మధ్యలో రూబిన్ అనే కుర్రాడు గొడ్డలి మీద పడి చనిపోతాడు. ఇంటికెళ్లాక పిల్లలను వెంటాడేది అదే. ఆ భాగం చివరి పీరియడ్‌లో అస్సలు చదవను. పొద్దున్నే చదివితే మాట్లాడుకోవడానికి రోజంతా ఉంటుంది.

అపోహ: ఇది వేట నేర్పే పుస్తకం.

వాస్తవం: మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నేరమని ముందే చెప్తాను. కథ జరిగేది అమెరికాలో, ఓక్లహోమా వైపు ఓజార్క్ కొండల్లో. అక్కడి పేద ఇళ్లకు రాకూన్ అనే బొచ్చు జంతువు తోలంటే చేతికొచ్చే డబ్బు. కుక్కపిల్లలకు వాసన నేర్పడానికి బిల్లీకి ఒక రాకూన్ కావాలి. దుంగకు కన్నం తొలిచి, అడుగున మెరిసే రేకుముక్క వేసి, మేకులు ఏటవాలుగా దిగ్గొడతాడు. మెరుపు చూసి పెడితే రాకూన్ చెయ్యి లోపలికి పోతుంది, పిడికిలి బిగిస్తే బయటికి రాదు. “కోతి, కూజా కథే కదా టీచర్!” అని మావాళ్లు అరుస్తారు. కానీ ఒకటి దొరకగానే మేకులన్నీ పీకెయ్యమంటాడు తండ్రి, తప్పించుకునే దారి లేకుండా పట్టడం వేట కాదని. తర్వాత ఒక ముసలి రాకూన్ చెట్టు మీద చిక్కితే బిల్లీకే చంపబుద్ధి కాదు.

అపోహ: రాసినాయన పెద్ద చదువరి అయ్యుంటాడు.

వాస్తవం: వడ్రంగం చేసుకున్న మనిషి. స్పెల్లింగు, వ్యాకరణం రావని సిగ్గుపడి, పెళ్లికి ముందు రాతప్రతులన్నీ కాల్చేశాడు. భార్య సోఫీ పట్టుబడితే మళ్లీ మూడు వారాల్లో ఇది రాశాడు. స్పెల్లింగులకు మార్కులు పోయిన రోజున మావాళ్లకు ఇది తప్పక చెప్తాను.

అపోహ: కుక్కలు చనిపోతే పిల్లలు తట్టుకోలేరు.

వాస్తవం: ఏడుస్తారు. “రాత్రి అన్నం కూడా తినలేదండీ” అని ఒకావిడ నా మీదికి వచ్చారు కూడా. బిల్లీ రెండేళ్లపాటు పళ్లు కోసి, చేపలు పట్టేవాళ్లకు ఎర అమ్మి, బేకింగ్ పౌడర్ డబ్బాలో 50 డాలర్లు కూడబెడతాడు. చెప్పుల్లేకుండా తాలెక్వా అనే ఊరి దాకా నడిచి, కుక్కపిల్లలు రెండింటినీ గోనెసంచిలో వేసుకుని, తలలు బయటపెట్టుకోవడానికి సంచికి కన్నాలు కోస్తాడు. ఆ కన్నాల దగ్గరే ఆ కుక్కలు మా క్లాసువి కూడా అయిపోతాయి. అలాంటిది, కొండసింహంతో పోరాడి ఓల్డ్ డాన్ పోతే, లిటిల్ ఆన్ తిండి మానేసి దాని సమాధి మీదికి పాక్కుంటూ వెళ్లి ప్రాణం విడిస్తే ఏడవరా మరి?

పోయినేడు అక్కడికొచ్చేసరికి నా గొంతే పూడుకుపోయింది. ముందు వరసలో కుర్రాడు “ఇలా ఇవ్వండి టీచర్” అని పుస్తకం లాక్కుని, అక్షరాల కింద వేలు పెట్టుకుని, కూడబలుక్కుంటూ చదివాడు. ‘గ్రేవ్’ దగ్గర మాత్రం ఆగి, ఎలా పలకాలని నన్నే అడిగాడు.