తుఫానుకు ముందే కంటైనర్ పోర్టులో పడేస్తే సేఫా? కొన్ని అపోహలు, వాస్తవాలు

అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా చెన్నై మన్నడిలో ఎగుమతి సరుకుల కస్టమ్స్, పోర్టు పనులు చూసే మా క్లియరింగ్ ఆఫీసులో ఫోన్లు ఆగవు. బంగాళాఖాతంలో అల్పపీడనం అని టీవీలో స్క్రోలింగ్ వస్తే చాలు, నెల్లూరు నుంచి, గుంటూరు నుంచి, ఒంగోలు నుంచి ఒకటే మాట: "అన్నా, పోర్టు మూసేస్తారంట, ఎట్టైనా ఈ రాత్రికి బండి లోపల పడేయించు." నేను చూసినంతలో ఎగుమతిదారులకు తుఫాను చేసిన నష్టం కంటే ఈ తొందర చేసిన నష్టమే ఎక్కువ. అందుకే దీని గురించే ఎక్కువ రాస్తున్నాను, మిగతావి చివర్లో గబగబా చెప్పేస్తాను.

అపోహ: గేటు మూసేలోపు కంటైనర్ లోపలికి వెళ్తే సరుకు సేఫ్, ఓడ కూడా ఎక్కేస్తుంది.

వాస్తవం: తుఫాను వస్తోందంటే పోర్టు మొట్టమొదట ఖాళీ చేసేది ఓడల్నే. వాతావరణ కేంద్రం హెచ్చరిక ముదురుతున్న కొద్దీ బెర్తుల (రేవులో ఓడలు కట్టే చోట్ల) మీద ఉన్నవాటినీ, బయట లంగరు వేసుకునే చోట, అంటే యాంకరేజ్‌లో ఉన్నవాటినీ లోతు సముద్రంలోకి వెళ్ళిపొమ్మంటారు. ఇది గాలి మొదలయ్యాక చేసే పని కాదు. తుఫాను ఇంకా దూరంలో ఉండగానే అలలు లేస్తాయి, అలలు లేస్తే ఓడకు రేవు దారి చూపించే పైలట్ దాన్ని ఎక్కలేడు, పైలట్ లేకుండా ఓడ కదలదు. కాబట్టి మీ కంటైనర్ ఎక్కాల్సిన ఓడ సగం లోడింగ్‌లోనే తాళ్ళు విప్పుకుని వెళ్ళిపోవచ్చు. మీ డబ్బా మాత్రం సముద్రం పక్కనే, యార్డులో మిగిలిపోతుంది.

ఆ తర్వాత యార్డులో ఏం జరుగుతుందో కూడా తెలుసుకోండి. బెర్తు క్రేన్ల బూమ్‌లు పైకెత్తేస్తారు, కింద పిన్నులు దించి గొలుసులతో బిగిస్తారు. యార్డు క్రేన్లనూ కట్టేస్తారు. ఖాళీ కంటైనర్ల వరసల ఎత్తు తగ్గిస్తారు, తేలిక కాబట్టి గాలికి ముందు దొర్లేవి అవే. ఒక్కసారి క్రేన్లు కట్టేశాక మీ డబ్బా వెనక్కి కావాలన్నా ఎవరూ తీసివ్వలేరు. రొయ్యల ఎగుమతిదారులు ఇది రెండుసార్లు చదవండి. మైనస్ 18 డిగ్రీల్లో ఉండాల్సిన ఫ్రీజర్ కంటైనర్, అంటే రీఫర్‌కు యార్డులో కరెంటు పోతే మీ చేతిలో ఏమీ లేదు. అదే మీ ప్లాంటులో ఉంటే జనరేటర్ మీది, డీజిల్ మీది, మనుషులు మీవాళ్ళు. ఓడలే బయటికి పోతుంటే మీ బండి లోపలికి ఎందుకు?

2016 డిసెంబర్ 12న వార్దా తుఫాను చెన్నై దగ్గరే తీరం దాటింది. దానికి ముందు రోజు గుంటూరు నుంచి ఒక మిర్చి పార్టీ ఎంత చెప్పినా వినకుండా బండి పంపించారు. అది ఎన్నూర్ ఎక్స్‌ప్రెస్ రోడ్డు మీద లారీల క్యూలో ఇరుక్కుపోయింది. డ్రైవర్ గూడూరు కుర్రాడు. ముందూ వెనకా బండ్లే, పక్కన సముద్రం, తిరిగి పోదామన్నా దారి లేదు, ఫోన్ సిగ్నల్ కూడా పోయింది. వాళ్ళమ్మ ఆ సాయంత్రం నుంచి మా ఆఫీసుకు ఫోన్ చేస్తూనే ఉంది పాపం, ఆమెకు ఏం చెప్పాలో మాకూ తెలియదు. అబ్బాయి క్షేమంగా బయటపడ్డాడు, అదే పెద్ద ఊరట. తర్వాత కంటైనర్ తెరిచి చూస్తే పైకప్పు మూలలో సన్నటి చిల్లు, దాని కింద నాలుగు వరసల బస్తాలు తడిసి, కాయలు నల్లబడి, వాసన కొడుతున్నాయి. లోడింగ్‌కు ముందు ఒక మనిషి లోపల నిలబడి తలుపులు మూయించుకుని, ఎక్కడైనా వెలుతురు చుక్క కనిపిస్తుందా అని చూసి ఉంటే ఆ చిల్లు అక్కడే దొరికేది. తొందరలో ఆ ఒక్క నిమిషం పని వదిలేశారు.

పైగా వాళ్ళ ఇన్సూరెన్స్ సి క్లాజు. సరుకు ఇన్సూరెన్స్‌లో ఎ, బి, సి అని మూడు రకాలు, సిలో రక్షణ అన్నిటికంటే తక్కువ. ప్రీమియం తక్కువని చాలామంది అదే తీసుకుంటారు. సి క్లాజులో కంటైనర్‌లోకి సముద్రపు నీళ్ళు వచ్చినా పరిహారం లేదు. బి క్లాజులో సముద్రం, నది నీళ్ళకు ఉంది కానీ వాన నీళ్ళకు లేదు. వానకు కూడా కావాలంటే ఎ క్లాజు ఉండాలి. ఇక ఆలస్యం వల్ల సరుకు పాడైతే ఈ మూడింటిలో దేనిలోనూ రాదు. పాలసీ కాగితం ఇప్పుడే తీసి చూసుకోండి, తుఫానుకు పేరు పెట్టాక కాదు.

మరి ఏం చేయాలంటే, పోర్టు గేటు ఎప్పుడు మూస్తారని కాదు, మీ ఓడ మళ్ళీ బెర్తుకు ఎప్పుడు వస్తుందని అడగండి. అది తేలేదాకా సరుకును గోడౌన్‌లోనే ఉంచండి. బండి బయల్దేరిపోయి ఉంటే క్యూలోకి పోనివ్వకుండా, నీళ్ళు నిలవని చోట, ఎత్తు మీద ఆపించండి. రీఫర్ అయితే జెన్‌సెట్ (దాన్ని నడిపే జనరేటర్) ట్యాంకు నింపించి, డ్రైవర్‌తో టెంపరేచర్ డిస్‌ప్లే ఫొటో గంట గంటకూ పెట్టించుకోండి. రేపు గొడవ వస్తే ఆ ఫొటోలే మీకు సాక్ష్యం.

ఇంకో భయం, ఇది ఓడల్లో పనిచేసే పిల్లల తల్లిదండ్రులది. "తుఫానులో మావాడిని సముద్రంలోకి తోలుతారా, రేవులో ఉంచకూడదా?" అని అడుగుతారు. వాళ్ళ భయం నాకు అర్థమవుతుంది. కానీ రేవులో కట్టేసిన ఓడ పోటుకు ఊగి, తాళ్ళు తెంపుకుని గట్టుకే కొట్టుకుంటుంది. తీరం దగ్గర లంగరు వేసుకుని ఉంటే ఇంకా ప్రమాదం. 2012లో నీలం తుఫానుకు ప్రతిభా కావేరి అనే ట్యాంకర్ లంగరు నిలవక ఎలియట్స్ బీచ్ దగ్గరికి కొట్టుకొచ్చింది. లైఫ్‌బోట్‌లో దిగినవాళ్ళలో కొందరు చనిపోయారు, ఓడలోనే ఉండిపోయినవాళ్ళను మర్నాడు హెలికాప్టర్‌తో తీసుకొచ్చారు. 2020 అక్టోబర్‌లో విశాఖ తెన్నేటి పార్కు దగ్గరికి వచ్చి పడిన బంగ్లాదేశ్ ఓడ మీ అందరికీ గుర్తే ఉంటుంది, అప్పుడు వచ్చింది తుఫాను కూడా కాదు, తీవ్ర వాయుగుండం. ఇంజన్ బాగున్న ఓడకు చుట్టూ ఖాళీ సముద్రం ఉండటమే రక్ష. మీ అబ్బాయి ఓడ బయటికి వెళ్ళిందంటే పని సరిగ్గా జరుగుతోందని అర్థం. రెండు రోజులు ఫోన్ కలవకపోవచ్చు, అప్పుడు కంపెనీ ఆఫీసుకు చేయండి, వాట్సాప్ గ్రూపుల్లో వెతకొద్దు.

ప్రమాద హెచ్చరికల నంబర్లు కూడా అంతే. అంకె పెరిగిన ప్రతిసారీ తుఫాను బలపడిందని కాదు. 5, 6, 7 తుఫానుకు, 8, 9, 10 తీవ్ర తుఫానుకు. ఆ మూడేసిలో తేడా దారిలోనే ఉంది: 5, 8 అంటే తుఫాను దారికి రేవు ఎడమ పక్కన, 6, 9 అంటే కుడి పక్కన, 7, 10 అంటే రేవు మీదుగా లేదా బాగా దగ్గరగా. 11 అంటే మహాప్రళయం కాదు, హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని. ఇవన్నీ ఆ ఒక్క రేవుకు, అందులోని ఓడలకు చెప్పేవి. చెన్నైలో ఒక నంబరు, నాగపట్నంలో ఇంకో నంబరు ఉంటే ఎవరో దాస్తున్నారని కాదు.

పోర్టు మూశారు కాబట్టి అద్దె దానంతటదే మాఫీ అవుతుందనుకోవద్దు. పోర్టు అద్దె వేరు, కంటైనర్ ఎక్కువ రోజులు ఉంచుకున్నందుకు షిప్పింగ్ లైన్ వేసే డిటెన్షన్ వేరు, రెండింటికీ విడివిడిగా రాతపూర్వకంగా అడగాలి, మూసినట్టు పోర్టు ఇచ్చిన సర్క్యులర్ జత చేయాలి.

తీరం దాటింది కదా, పొద్దున్నే బండి పంపేస్తామనేవాళ్ళకు 2023 డిసెంబర్ గుర్తు చేస్తాను. మిచాంగ్ తుఫాను తీరం దాటింది బాపట్ల దగ్గర, మునిగింది చెన్నై. పోర్టు తెరవాలంటే ఓడలొచ్చే దారిలో లోతు చూసుకోవాలి, దారి గుర్తులుగా నీళ్ళ మీద తేలే బోయలు కదిలాయేమో చూడాలి, క్రేన్లు ఒక్కోటీ పరీక్షించాలి, అప్పుడు బయట ఆగిన ఓడలు వరసలో వస్తాయి. ఉత్తర చెన్నైలో మణలి వైపు రోడ్ల మీద నీళ్ళు తగ్గడం ఇంకో లెక్క. ఆ రోజు బండి తీసేముందు మీ ఏజెంట్‌కు ఫోన్ చేసి మూడు అడగండి: రోడ్డు తెరిచారా, మీ ఓడకు బెర్తు ఇచ్చారా, కొత్త గేటు కటాఫ్ (కంటైనర్ లోపలికి తీసుకునే చివరి గడువు) ఎప్పుడు.