ఆ పైపులకి మధ్యలో మెలిక ఎందుకంటే

అమ్ములూ, చిన్నా,

మొన్న సెలవుల్లో మల్కాపురం మీదుగా బస్సులో వస్తుంటే రిఫైనరీ పైపులు చూసి చిన్నాగాడు అడిగాడు కదా, తాతయ్యా అవి తిన్నగా పోతే సరిపోయేదిగా, మధ్యలో పక్కకెళ్ళి మళ్ళీ వెనక్కొచ్చి ఆ మెలిక ఎందుకు, పైపు దండగ కదా అని. బస్సులో గోలకి ఏదో చెప్పి తప్పించుకున్నా, ఇంటికొచ్చాక సిగ్గేసింది, జీతం తీసుకున్నదే ఆ మెలికలు గీసినందుకు మరి. పైపు దండగ కదా అని మా ఆఫీసులో కాస్ట్ చూసే ఆయన కూడా అచ్చం అదే గొంతుతో అడిగేవాడు లెండి.

మా చిన్నప్పుడు ఊళ్ళో కమ్మరి బండి చక్రానికి ఇనప పట్టా ఎక్కించేవాడు. పట్టాని చక్రం కంటే కాస్త చిన్నగానే చేసేవాడు, పిడకల మంటలో ఎర్రగా కాల్చితే అది సాగేది, గబగబా చక్రం మీద దింపి నీళ్ళు కుమ్మరిస్తే బుస్సుమని ముడుచుకుని చెక్కని పట్టేసేది. మేకు లేకుండానే. మా పైపుల కథంతా ఆ పట్టాలోనే ఉంది.

మామూలు స్టీలు మీటరు పొడవుకి ఒక డిగ్రీ వేడెక్కితే ఒక మిల్లీమీటరులో నూరో వంతు పైచిలుకు సాగుతుంది, అంతే, కంటికి కూడా ఆనదు. కానీ 100 మీటర్ల స్టీమ్ లైను తీసుకోండి, బిగించినప్పుడు 30 డిగ్రీలు, స్టీమ్ వదిలాక 230. లెక్కేస్తే 240 మిల్లీమీటర్లు, అంటే జానెడు పైనే. రెండు చివర్లా కదలకుండా కట్టేశామనుకోండి, ఆ జానెడు ఎక్కడికి పోవాలి? ఆరంగుళాల పైపు కూడా లొంగిపోయే లోపు 80 టన్నుల పైన తోస్తుంది, నిండా లోడెత్తిన పది చక్రాల లారీలు మూడు ఒకదాని మీద ఒకటి పెట్టినంత బరువన్నమాట. ఆ తోపుడు వెళ్ళి పంపుకి తగిలితే పంపు పని అయిపోయినట్టే.

అయితే గోడ మందంగా ఉన్న పైపు వేస్తే పోలా అంటుంది అమ్ములు, నాకు తెలుసు. కొత్తగా వచ్చిన ఇంజనీర్లందరూ అదే అంటారు, ఇక్కడే అందరూ బోల్తా పడేది. ఆరంగుళాల పైపుకి (బయటి కొలత 168.3 మిల్లీమీటర్లు, లోపల 154, ఎక్కడ కొలిచినా ఆరంగుళాలు రాదు, అదో పాత అలవాటు పేరు) లోపల 20 బార్ ప్రెషర్ (బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడంత) ఉన్నా దాన్ని ఆపడానికి ఒకటిన్నర మిల్లీమీటరు మందం కూడా అక్కర్లేదు. తుప్పు తినడానికి ఒక 3 మిల్లీమీటర్లు, పైపు చేసే మిల్లులో మందంలో వచ్చే తేడాకి ఇంకొంచెం కలిపి చివరికి మార్కెట్లో దొరికే 7.11 తెచ్చుకుంటాం. మందం అనేది ప్రెషర్‌కి, తుప్పుకి జవాబు, వేడికి కాదు. మందం పెంచితే పైపు ఇంకా బిర్రబిగుస్తుంది, 80 టన్నులు కాస్తా 120 అవుతుంది.

వేడికి జవాబు మెలికే. దాన్ని లూపు అంటాం. రెండు వైపుల నుంచీ పైపు సాగుతూ వస్తే ఆ యూ ఆకారం కాళ్ళు కొంచెం లోపలికి వంగుతాయి, చల్లారితే మళ్ళీ వెనక్కి. లూపుకి అటూ ఇటూ దూరంగా యాంకర్లు, అంటే పైపుని కదలనివ్వకుండా పట్టుకునేవి, మధ్యలో పక్కకి పోకుండా గైడ్లు, కింద జారడానికి షూ. పైపు అడుగున వెల్డింగ్ చేసిన చిన్న ఇనప పీటలాంటిదే షూ, అది కింద ఉన్న ఇనప దూలం మీద, అంటే బీము మీద, జారుతుంది.

ఆ షూతో నా పరువు ఒకసారి పోయింది. ఎక్కడో చెప్పను. ఒక లైనులో యాంకరుకి బాగా దూరంగా ఉన్న చోట పైపు 180 మిల్లీమీటర్లు జరుగుతుందని లెక్క నేనే చేశా, డ్రాయింగులో మాత్రం అలవాటుగా మామూలు 300 మిల్లీమీటర్ల షూ పెట్టేశా, అంటే బీము మధ్య నుంచి అటు 150 ఇటు 150. స్టీమ్ వదిలాక షూ మెల్లగా జరిగి జరిగి బీము దిగిపోయింది, ఎవరూ చూడలేదు. అసలు సంగతి షట్‌డౌన్‌లో, చల్లారి వెనక్కి రాబోతే ఆ షూ అంచు బీముకి తన్నుకుని బీమునే వంచేసింది. ఫోర్‌మన్ నన్ను తీసుకెళ్ళి చూపించి ఏమీ అనలేదు, టీ తాగుదాం రండి సార్ అన్నాడు, అదింకా మండింది. పొడుగు షూ వేసినా సరిపోయేది, చల్లగా ఉన్నప్పుడే దాన్ని ఎదురు వైపుకి జరిపి పెట్టినా సరిపోయేది.

ఇలా రోజూ వంగి లేచి విరిగిపోదా అంటే, అమెరికాలో మార్కల్ అని ఒకాయన 1940ల చివర్లో, 50ల్లో బెండ్లని అదే పనిగా వంచి వంచి ఎన్నిసార్లకి చీలుతాయో చూశాడు. మా కోడ్ పుస్తకాల్లో, అంటే డిజైన్ నియమాల పుస్తకాల్లో, చాలాకాలం 7000 సార్లు అనే అంకె ఉండేది, రోజుకోసారి వేడెక్కి చల్లారితే దాదాపు ఇరవై ఏళ్ళన్నమాట.

లూపుకి చోటు లేకపోతే బెల్లోస్ అని ముడతల గొట్టం పెడతారు, హార్మోనియం తిత్తిలా. నాకు అదంటే భయం. ఇంగ్లండులో ఫ్లిక్స్‌బరో అని ఊరు, అక్కడి రసాయనాల ఫ్యాక్టరీలో ఆరు రియాక్టర్లు, అంటే రసాయనాలు కలిసి మారే పెద్ద తొట్లు, మెట్లలా ఒకదానికంటే ఒకటి కాస్త కిందకి ఉండేవి, అయిదోది పగుళ్ళిస్తే తీసేసి నాలుగుకీ ఆరుకీ మధ్య 20 అంగుళాల పైపు ఒకటి వంకరగా వేశారు, రెండు చివర్లా బెల్లోసులు. డ్రాయింగ్ అంటే వర్క్‌షాప్ నేల మీద సుద్దతో గీసిందే, స్ట్రెస్ లెక్క చెయ్యలేదు. బెల్లోస్ ఉన్నచోట లోపలి ప్రెషరే పైపుని ముప్పై టన్నుల పైన తోస్తుంది, ఎత్తు తేడా వల్ల ఆ తోపుడు మెలి తిప్పినట్టవుతుంది, పట్టుకునే సపోర్టు సరిగా లేదు. రెండు నెలలు నడిచి 1974 జూన్ 1న ఊడింది, లోపలిది ఆవిరై బయటికొచ్చి పేలింది. 28 మంది పోయారు. శనివారం కాబట్టి ఆఫీసులు ఖాళీ, లేకపోతే ఇంకా ఎక్కువమందే.

మంచిది కూడా ఒకటి చెప్తా. అలాస్కాలో 1977 నుంచి నడిచే ఆయిల్ పైపులైను నేల మీదున్న చోట్ల తిన్నగా ఉండదు, పాము నడకలా వంకరటింకరగా వేసి జారే పీటల మీద కూర్చోబెట్టారు. 2002 నవంబరులో 7.9 భూకంపం వచ్చి కింద నేలే మీటర్ల కొద్దీ పక్కకి జరిగింది, పైపు పీటల మీద జారింది, కొన్ని సపోర్టులు దెబ్బతిన్నాయి కానీ చుక్క ఆయిల్ కారలేదు.

ఈసారి వచ్చినప్పుడు కిటికీ సీటు చిన్నాకి. లూపులు ఒకదాంట్లో ఒకటి పెట్టి ఉంటాయి, అన్నిటికంటే పెద్ద లూపు ఏ పైపుదో చూసి చెప్పాలి, వేడిదా చల్లదా. నీళ్ళ పైపుకి లూపు ఉందో లేదో అమ్ములు చూస్తుంది. మామిడి తాండ్ర రెండు చాపలు పంపుతున్నా, మీ అమ్మకి కనబడకుండా తినకండి.

తాతయ్య