వెన్ను వంకరకి ఆపరేషన్ ఒక్కటే దారా? అపోహలు - వాస్తవాలు

నేను విజయనగరంలో ఫిజియోథెరపిస్టుని. పోయిన దసరా ముందు చీపురుపల్లి వైపు నుంచి ఒకావిడ తన 13 ఏళ్ళ పాపని తీసుకొచ్చారు. సిరిమాను పండక్కి కుట్టించిన లంగా ఒకపక్క అంచు పైకి పోతోందట, రెండుసార్లు విప్పి కుట్టినా అంతేనట, చివరికి ఆ టైలరమ్మే "కుట్టు బాగానే ఉందమ్మా, గుంట నడుమే ఒకపక్కకుంది, డాక్టరుకి చూపించు" అందట. ఆవిడకి దండం పెట్టాలి.

పాపని కాళ్ళు దగ్గరగా పెట్టి, మోకాళ్ళు వంచకుండా, అరచేతులు కలిపి ముందుకి వంగమన్నా. వెనక నుంచి చూస్తే కుడివైపు పక్కటెముకలు ఎడమ కన్నా ఎత్తుగా లేచాయి. ఇది ఇంట్లో మీరూ చూడొచ్చు, నిమిషం పని. నిలబెట్టి తీసిన ఎక్స్‌రేలో వంపు 28 డిగ్రీలు. 10 దాటితేనే స్కోలియోసిస్, అంటే వెన్ను వంకర, అంటాం.

"పుస్తకాల బేగు మోసీసి ఇలగైపోనాదేటమ్మా?" అని తల్లి. కాదు. బ్యాగు బరువుకి నొప్పి రావచ్చు, వంకర రాదు. వంగి కూర్చున్నా రాదు. 10 మందిలో 8 మందికి కచ్చితమైన కారణం దొరకదు, అందుకని ఎవరూ తమని తాము తిట్టుకోవద్దు.

నూనె రాసి నొక్కిస్తే సరవుతుందనేది ఇంకోటి. వెన్ను పక్కకి ఒరగడమే కాదు, మెలి కూడా తిరుగుతుంది, ఆ మెలి మసాజుకి విప్పుకోదు. పైగా పిల్ల పొడుగు సాగే ఆ ఏడాది రెండేళ్ళే వంపు గబగబా పెరిగేది, ఆ టైమే చేజారిపోతుంది, నా బాధంతా అదే.

బెల్టు దండగ అంటారు. ఇంకా ఎదిగే పిల్లల్లో 25 నుంచి 40 డిగ్రీల మధ్య వంపుకి బ్రేస్ (ఒంటికి బిగించే గట్టి బెల్టు) పనిచేస్తుంది. 2013లో వచ్చిన అమెరికా, కెనడా స్టడీలో బ్రేస్ వేసుకున్నవాళ్ళలో 72 శాతం మందికి వంపు 50 దాకా పోకుండా ఆగింది, వేసుకోనివాళ్ళలో 48 శాతమే, రోజుకి సగటున 13 గంటలు వేసుకున్నవాళ్ళలో అయితే 90 శాతం పైనే. అంటే గంటలే మందు. ఈ పాపకీ బ్రేస్ వేయించాం, మూడు నెలలకి తెస్తే దాని వెల్‌క్రో కొత్తదానిలా ఉంది! నాయనమ్మ "ఓలమ్మ, గుంటకి చట్రం బిగించీసినారు" అని ఏడ్చి తీసేసేదట. ఆవిడనీ పిలిపించి, పక్కన కూర్చోబెట్టుకుని ఎక్స్‌రే చూపించా. మన ఉక్కపోతకి లోపల కుట్లు లేని కాటన్ బనీను వేసి, చెమట పట్టగానే మార్చమన్నా.

వెన్ను వంకరకి చేయించే ష్రాత్ వ్యాయామాలు 1920ల్లో జర్మనీలో మొదలయ్యాయి, నొక్కుకుపోయిన వైపుకి గాలి పీల్చి పక్కటెముకల్ని తెరవడం నేర్పుతాం. బ్రేస్‌కి ఇవి తోడు, బదులు కాదు. ఒక్కొక్కరి వంపు ఒక్కోలా ఉంటుంది కాబట్టి యూట్యూబ్ చూసి చేయించొద్దు.

"పెళ్ళవ్వదు, పిల్లలు పుట్టరు" అని పాపని బయటికి పంపి గుసగుసగా అడుగుతారు. చాలామంది మామూలుగానే కంటారండీ. ఈ భయంతో దాచిపెట్టి వంపు 50 డిగ్రీలు దాటాక తెస్తారు, అప్పుడు సర్జన్ దగ్గరికి పంపక తప్పదు. కాళ్ళు తిమ్మిరెక్కినా, రాత్రి నొప్పికి నిద్ర లేచినా వెంటనే చూపించండి.

మొన్న ఆర్నెల్ల ఎక్స్‌రేలో 27 వచ్చింది. 5 డిగ్రీల దాకా తేడా కొలతలోనే రావచ్చు, అందుకే తగ్గిందనలేదు, ఆగిందన్నా. ఈసారి వెల్‌క్రో అరిగి పీచు లేచింది, కొత్త స్ట్రాపు వేయించమని పంపా.