ఒత్తిడి గురించి రోజూ నేను వినే మాటలు: అపోహలు - వాస్తవాలు

శ్రీకాకుళంలో కౌన్సెలింగ్ చేస్తాను. పరీక్ష టెన్షన్, అప్పు టెన్షన్, పిల్ల పెళ్లి టెన్షన్ అంటూ వస్తారు. ఆ టెన్షన్‌తో పాటు కొన్ని నమ్మకాలనూ మోసుకొస్తారు. ఒక్కోసారి అసలు కష్టం కన్నా ఆ నమ్మకాలే మనిషిని ఎక్కువ కుంగదీస్తాయి. అందుకే ఇది రాస్తున్నాను. ఇందులోని మనుషులను ఎవరూ గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను.

అపోహ: గుండె దడ వచ్చిందంటే నా పని అయిపోయినట్టే.

వాస్తవం: కానిస్టేబుల్ ఉద్యోగానికి తయారవుతున్న ఒక కుర్రాడు 1,600 మీటర్ల పరుగు ఊరి రోడ్డు మీద హాయిగా పూర్తిచేస్తాడు. గ్రౌండ్‌లో గీత దగ్గర నిలబడితే మాత్రం గుండె దడదడలాడుతుంది, అరచేతులకు చెమట పడుతుంది, నోరు ఎండిపోతుంది. "శరీరమే ఒప్పుకోవట్లేదు మేడమ్" అన్నాడు. పరుగు మధ్యలో నీ గుండె ఎలా కొట్టుకుంటుంది అని అడిగాను. "ఇంకా గట్టిగా..." అని తనే ఆగిపోయాడు.

కిడ్నీల మీద చిన్న టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథుల నుంచి వచ్చే హార్మోన్ గుండె వేగం పెంచుతుంది, కండరాలకు రక్తం ఎక్కువ పంపుతుంది, కాలేయంలో దాచిన చక్కెరను బయటికి తీస్తుంది. పరిగెత్తేవాడికి కావలసినవి అవే కదా! భయమైనా ఉత్సాహమైనా ఒంట్లో జరిగేది చాలావరకు ఒకటే. హార్వర్డ్‌కు చెందిన అలిసన్ వుడ్ బ్రూక్స్ 2014లో ప్రచురించిన ప్రయోగాల్లో, ప్రసంగానికీ లెక్కల పరీక్షకీ ముందు "ప్రశాంతంగా ఉండాలి" అని తంటాలు పడినవాళ్ల కన్నా ఆ కంగారును ఉత్సాహంగా తీసుకున్నవాళ్లే మెరుగ్గా చేశారు. అందుకే దడ ఆపుకోమని ఆ కుర్రాడికి చెప్పలేదు. "ఒళ్లు సిద్ధమవుతోంది" అనుకోమన్నాను. రెండు వారాల పాటు ఊరి రోడ్డు మీద కూడా సుద్దతో గీత గీసుకుని, దాని వెనక నిలబడి, ఆ మాట అనుకున్నాకే పరుగు మొదలుపెట్టాడు.

అపోహ: పాజిటివ్‌గా ఉండటమంటే బాధ పైకి కనబడనివ్వకపోవడం.

వాస్తవం: అన్నిటికన్నా నన్ను బాధపెట్టే అపోహ ఇది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. పొడవు రకం కొబ్బరి మొక్క కాపుకు రావాలంటేనే ఆరేడేళ్లు పడుతుంది. ఆ తర్వాత కొన్ని నెలలకు కవిటి వైపు నుంచి ఒక పెద్దాయనను నిద్ర పట్టడం లేదని కొడుకు తీసుకొచ్చాడు. చుట్టాలంతా "ధైర్యంగా ఉండు మావయ్యా" అన్నారట. ఆయన అలాగే ఉన్నాడు. కన్నీరు పెట్టలేదు, ఇంట్లో తోట మాటే ఎత్తలేదు.

నా ఎదురుగా చాలాసేపు తువ్వాలు అంచు మెలిపెడుతూ కూర్చున్నాడు. చివరికి, "ఆ చెట్లు మా అయ్య పాతాడమ్మా" అన్నాడు. ఎన్ని చెట్లు పోయాయో, ఎంత నష్టమో అందరూ అడిగారు. ఎవరు పాతారో ఎవరూ అడగలేదు. ఆ రోజు ఆయన వెక్కి వెక్కి ఏడ్చాడు. నేను గ్లాసుతో మంచినీళ్లు పెట్టి ఊరుకున్నాను.

మూడోసారి వచ్చినప్పుడు కాగితం మధ్యలో ఒక గీత గీశాం. ఒక పక్క చేతిలో లేనివి: గాలి, పోయిన చెట్లు, మార్కెట్ ధర. రెండో పక్క చేతిలో ఉన్నవి: పడిపోయిన మానులు తీయించడం, పరిహారం జాబితాలో పేరు చూసుకోవడం, కొత్త మొక్కలు కాపుకొచ్చే దాకా మధ్యలో ఏ పంట వేయాలో తేల్చుకోవడం. కష్టాన్ని స్వీకరించడమంటే నేను చూసినంతలో ఇదే. ఆయనను ఏడవనివ్వకుండా మొదటి రోజే ఆ కాగితం చేతికిచ్చి ఉంటే, ఇక్కడా తన బాధ వినేవాళ్లు లేరనుకుని రెండోసారి వచ్చేవాడు కాదు.

అపోహ: కౌన్సెలింగ్‌కు వెళ్తే పిచ్చి అంటారు.

వాస్తవం: అననివ్వండి. రెండు వారాలు దాటినా నిద్ర, ఆకలి దారికి రాకపోతే, దేని మీదా మనసు నిలవకపోతే డాక్టరును కలవాలి. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే ఒక్క రోజు కూడా ఆగకూడదు. ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416. ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు.

అపోహ: కష్టాలు పడేకొద్దీ మనిషి రాటుదేలతాడు.

వాస్తవం: ఇది సగమే నిజం. మన ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట ఆడపిల్ల కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఆ పక్క ఊళ్లలో బరువులెత్తే పిల్లలను అడిగినా చెబుతారు, కండ పెరిగేది బరువు దించాక, తిండీ నిద్రా సరిగ్గా ఉంటేనే అని. నెలల తరబడి దించని బరువు బీపీని పెంచుతుంది, నిద్రను తినేస్తుంది.

కిడ్నీ జబ్బు ఉన్న ఇళ్లలోని ఆడవాళ్లలో ఇది ఎక్కువగా చూస్తాను. ఒకావిడ పగలంతా జీడిపప్పు పనికి వెళ్తుంది, వచ్చి వంట చేస్తుంది, భర్తను డయాలసిస్‌కు కూడా తనే తీసుకెళ్తుంది. మీ ఆరోగ్యం ఎలా ఉందని అడిగితే, "జబ్బు ఆయనకి కదమ్మా, నాకేటి" అంది. బీపీ చూస్తే ఎక్కువగా ఉంది. ఆ ఇంటి మనుషులందరినీ కూర్చోబెట్టి మాట్లాడితే, వారంలో ఒకసారి అన్నను తాను తీసుకెళ్తానని మరిది ఒప్పుకున్నాడు.

తర్వాత వచ్చినప్పుడు ఆ ఖాళీ పూట ఏం చేశారని అడిగాను. "పడుకున్నానమ్మా" అంది.