మూడు వంటిళ్ల సంగతి

చిరంజీవులైన పిల్లలకు తాతయ్య ఆశీస్సులు.

"బడిలో లినక్స్, మన ఇంట్లో విండోస్, అత్తయ్య దగ్గర మ్యాక్. ఒకచోట నేర్చుకున్నది ఇంకోచోట పనిచేయదు. అసలు ఏది మంచిది తాతయ్యా?" అని మొన్న ఫోనులో మీలో చిన్నవాడు అడిగాడు. ఈ మూడూ కంప్యూటరును నడిపించే ఆపరేటింగ్ సిస్టములు. రెండు ముక్కల్లో తేల్చేస్తే ఆ ప్రశ్నకు అన్యాయం చేసినట్టవుతుందని ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా చిన్నతనంలో ఇంట్లో వంటిల్లు మా నాయనమ్మ ఏలుబడిలో ఉండేది. సామానుల గది తాళంచెవి ఆవిడ బొడ్డులోనే ఉండేది కాబట్టి, బెల్లం ముక్క కావాలన్నా మేము ఆవిడనే అడగాలి. ఉన్నవి రెండు పొయ్యిలు. పెద్దమ్మకు పులుసు కాగాలి, పిన్నికి పసిపిల్ల పాలు కాగాలి, తాతగారికి మడివంట వేరే కావాలి. ఎవరి గిన్నె ఎప్పుడు పొయ్యి ఎక్కాలో, ఎవరిది కాసేపు దించి గట్టు మీద పెట్టాలో, ఎవరికి ఎంత నూనె కొలిచి ఇవ్వాలో ఆవిడే నిర్ణయించేది. పండుగనాడు ఇంటినిండా చుట్టాలున్నా ఒకరి గిన్నెలో ఇంకొకరి ఉప్పు పడేది కాదు. ఆపరేటింగ్ సిస్టమ్ చేసేది సరిగ్గా ఈ పనే. ప్రాసెసర్ పొయ్యి, మెమరీ గట్టు, డిస్కు సామానుల గది; మీ ఆటలూ బొమ్మలూ పాఠాలూ వంట కోసం వరుసలో నిలబడ్డవాళ్లు.

విండోస్ వంటింట్లో పాత గిన్నెను పారేయడం అరుదు. 1985లో మొదటి విండోస్ డాస్ అనే ఇంకా పాత వ్యవస్థ మీద నడిచేది. డాస్‌లో సి, ఓ, ఎన్ అనే మూడక్షరాల పేరును కీబోర్డుకూ తెరకూ కేటాయించారు. ఈనాటికీ మీ కంప్యూటరులో ఒక ఫోల్డరుకు ఆ పేరు పెట్టబోతే విండోస్ ఒప్పుకోదు. కావాలంటే ఇప్పుడే ప్రయత్నించండి. ఈ పట్టుదల వల్లనే మన ఊళ్లలో శుభలేఖలు వేసే డీటీపీ దుకాణాలవాళ్లు పేజ్‌మేకర్ అనే పాత ప్రోగ్రామునూ 'అను' అనే తెలుగు ఫాంట్లనూ ఇన్నేళ్లుగా వాడుకోగలిగారు. అయితే అన్నీ దాచుకున్న వంటిల్లు ఇరుకవుతుంది, దులపడానికి పని పెరుగుతుంది. హోంవర్కు మధ్యలో అప్‌డేట్ అంటూ అది మిమ్మల్ని ఆపే విసుగు అందులోదే. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు సాధారణ మద్దతు ఆగిపోయింది. విండోస్ 11 టీపీఎం అనే భద్రతా చిప్‌లో కొత్త రకాన్నీ, కొత్త ప్రాసెసర్‌నూ అడుగుతుంది కాబట్టి, నిక్షేపంగా పనిచేస్తున్న కంప్యూటర్లు ఎన్నో గడప బయటే ఉండిపోయాయి. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

ఆపిల్ సంస్థవారి మ్యాక్ వంటింట్లో పొయ్యి, గిన్నెలు, గరిటెలు అన్నీ ఒకే కంచరి కొలత చూసి చేయించినవి. 1984లో మొదలైన ఈ ఇల్లు 2020 నుంచి తన సొంత చిప్‌లను వాడుతోంది. అత్తయ్య మూత తెరవగానే అది వెంటనే మేలుకోవడం, ఛార్జింగ్ చాలాసేపు నిలవడం ఆ పొందిక వల్లనే. కానీ ఇక్కడ పాత గిన్నెకు చోటు లేదు. 2019లో ఒక్క కొత్త వెర్షన్‌తో 32 బిట్లు అనే పాత పద్ధతిలో రాసిన ప్రోగ్రాములన్నీ పనిచేయడం మానేశాయి. ఇప్పటి మ్యాక్‌బుక్‌లలో మెమరీ చాలకపోతే తరువాత పెంచుకునే వీలు కూడా లేదు. గట్టు ఎంత ఉండాలో కొనేనాడే తేల్చుకోవాలి.

లినక్స్ వంటిల్లు అందరిదీ. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ అనే అమెరికన్ ప్రోగ్రామర్ అందరూ పంచుకోగల పనిముట్ల, అంటే ప్రోగ్రాముల, తయారీకి పూనుకుంటే, 1991లో హెల్సింకీలో చదువుకుంటున్న 21 ఏళ్ల లైనస్ టోర్వాల్డ్స్ వాటికి సరిపడే నాయనమ్మను, అంటే పొయ్యినీ గట్టునూ పంచిపెట్టే మూల ప్రోగ్రామును, తయారుచేశాడు. ఎలా వండారో బయటే రాసి ఉంటుంది. చదవవచ్చు, మార్చవచ్చు, ఊరికే పంచవచ్చు. ప్రపంచంలోని అత్యంత వేగవంతమైన 500 సూపర్ కంప్యూటర్లన్నీ 2017 నవంబరు నుంచి లినక్స్ మీదే నడుస్తున్నాయి. మీ ఆండ్రాయిడ్ ఫోను లోపల ఉన్నదీ అదే. అందరూ చేయి వేసిన చోట ఒక పద్ధతికి నూరు పద్ధతులుంటాయి. కొత్త ప్రింటరునో వైఫై కార్డునో ఒక్కొక్కసారి అది గుర్తించదు, మీరే కూర్చుని సరిచేసుకోవాలి. ల్యాబులో నీ ఫైలు దొరకలేదన్నావే చిన్నోడా, అక్కడ ఇంగ్లీషు పేరులో మొదటి అక్షరం పెద్దదైతే (క్యాపిటల్) ఒక ఫైలు, చిన్నదైతే వేరొక ఫైలు. విండోస్ ఆ తేడాను పట్టించుకోదు.

చూశారా, ఏ ఇంట్లో సుఖం ఎక్కడుందో విసుగూ అక్కడే ఉంది. అందుకే ఒకదాన్ని పొగడడానికి రెండోదాన్ని తిట్టకండి. అయితే నేర్చుకునే వయసులో ఒకసారైనా పొయ్యి మీరే వెలిగించాలన్నది నా అభిప్రాయం. విండోస్ 11 పట్టదని మూలన పెట్టిన నాన్నగారి పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్ పెట్టుకోండి. ముందుగా అందులోని ఫొటోలన్నీ వేరేచోట భద్రం చేయించండి.

ఒకే పొయ్యి మీద ఇన్ని గిన్నెలను అంత వేగంగా ఎలా మారుస్తుందో వివరించాలంటే ఈ ఉత్తరం చాలదు. ఇన్నేళ్లుగా చూస్తున్నా నాకు ఆశ్చర్యం తీరలేదు. మీరే చూడండి. విండోస్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కండి. అత్తయ్య మ్యాక్‌లో యాక్టివిటీ మానిటర్ తెరవండి. లినక్స్‌లో టెర్మినల్ తెరిచి టి, ఓ, పి అని కొట్టి ఎంటర్ నొక్కండి. మీరు ఏ పనీ చెప్పకపోయినా అక్కడ ఎన్ని పనులు నడుస్తున్నాయో లెక్కపెట్టి, పొయ్యిని ఎక్కువసేపు వాడుతున్నది ఏదో కాగితం మీద రాసి, ఆదివారం ఫోనులో నాకు చదివి వినిపించండి.

ఇట్లు,
మీ తాతయ్య