పట్టు వదిలిన కణం

కందుకూరు, కొండపి, పొదిలి వైపు పొగాకు పల్లెల్లో చుట్ట అలవాటున్న పెద్దవాళ్లు చాలామంది నాలుక పక్కన పుండు లేస్తే పట్టించుకోరు. కారం తగిలితే మండుతోందని పెరుగన్నంతో సరిపెట్టుకుంటారు. మెడ కింద నొప్పి లేని గడ్డ తేలాక గానీ ఒంగోలుకో నెల్లూరుకో బయల్దేరరు. అప్పటికే నోటి క్యాన్సర్ మెడలోని లింఫు గ్రంథులకు చేరి ఉండొచ్చు. నోట్లో పుట్టిన కణం అక్కడిదాకా ఎలా పోయింది?

మన పదహారో క్రోమోజోమ్ మీద సీడీహెచ్1 అనే జన్యువు ఉంది. దాన్నిబట్టి తయారయ్యే ప్రోటీన్ ఈ-క్యాడ్‌హెరిన్. నోటి పొర, జీర్ణాశయం, రొమ్ములోని పాలనాళాలు, ఎక్కడైనా సరే పక్కపక్క కణాలను కలిపి ఉంచేది ఇదే, పొగాకు ఆరబెట్టే బ్యారన్‌లో కర్రకు ఆకును పట్టి ఉంచే దారంలాగా. ఒక కొస బయటికి చాచి పక్క కణం చాచిన కొసను పట్టుకుంటుంది. రెండో కొస లోపల బీటా-కాటెనిన్ సాయంతో కణపు చట్రానికి ముడిపడి ఉంటుంది. కాల్షియం లేకపోతే ఈ పట్టు నిలవదు. 1970ల్లో జపాన్‌లోని క్యోటోలో మసతోషి తాకేయిచి అనే శాస్త్రవేత్త ఆ కాల్షియం సంగతి వెంటపడి, 1980ల్లో ఈ ప్రోటీన్ల కుటుంబాన్ని బయటపెట్టారు.

కొన్ని క్యాన్సర్లలో ఈ జన్యువే చెడిపోతుంది. మరికొన్నిటిలో జన్యువు బాగానే ఉన్నా, స్నెయిల్, ట్విస్ట్ అనే ప్రోటీన్లు దాని పని ఆపేస్తాయి. పట్టు సడలిన కణం పొర దాటి లింఫు నాళంలోకో రక్తనాళంలోకో జారుకుంటుంది. సీడీహెచ్1 లోపం వంశపారంపర్యంగా కూడా రావచ్చు. తరతరాలుగా జీర్ణాశయ క్యాన్సర్‌తో నష్టపోతున్న ఒక మావోరీ (న్యూజిలాండ్ మూలవాసుల) కుటుంబంలో దీన్ని 1998లో అక్కడి పరిశోధకులు గుర్తించారు.

అలాగని కథ ఇంత సూటిగా లేదు. 2019లో ఎలుకల్లో రొమ్ము క్యాన్సర్ మీద చేసిన ప్రయోగాల్లో, ఈ-క్యాడ్‌హెరిన్ తీసేస్తే కణాలు చుట్టుపక్కలకు ఎక్కువగా చొచ్చుకుపోయాయి. కానీ చాలావరకు దారిలోనే చచ్చిపోయి, దూరపు అవయవాల్లో తక్కువగా నాటుకున్నాయి. అంటే విడిపోవడానికి అడ్డుపడిన పట్టే ప్రయాణంలో వాటిని బతికిస్తోంది. నాకైతే ఈ పరిశోధన మొత్తంలో అన్నిటికన్నా ముఖ్యమైన ఫలితం ఇదే. ఒక్క ప్రోటీన్‌కు మందు కనిపెడితే వ్యాప్తి ఆగిపోతుందనుకునే వాళ్లు దీన్ని తప్పక చూడాలి.

ఈలోగా చేయగలిగింది లేకపోలేదు. నోటి క్యాన్సర్ తొలి దశలో, మెడలో గడ్డ చేతికి తగలకపోయినా, అక్కడి గ్రంథులను అదే ఆపరేషన్‌లో తీసేయడం మేలా అని ముంబై టాటా మెమోరియల్ వైద్యులు పరీక్షించి 2015లో ఫలితాలు ప్రకటించారు. ముందే తీయించుకున్నవాళ్లలో మూడేళ్ల తర్వాత 80 శాతం మంది బతికి ఉన్నారు. గడ్డ కనిపించేదాకా ఆగినవాళ్లలో 67.5 శాతం.